ఎల్ తర్వాతి మాటలు

మా ఇంట్లో ఇంగ్లీషు ఎల్ అక్షరంతో అయిపోయేది. ఆ తర్వాతి అక్షరాలన్నీ పులివెందులలో మా పెద్దనాయన ఇంట్లో ఉండేవి.

మా తాత తెల్లవాళ్ల కాలంలో ఒక దొర దగ్గర గుమాస్తా. దొర తన దేశానికి తిరిగిపోతూ తన డిక్షనరీని తాత చేతిలో పెట్టిపోయాడు. రెండు సంపుటాలు, తోలు అట్టలు, ఒక్కొక్కటి పసిబిడ్డంత బరువు. ప్రొద్దుటూరులో తాత ఆ పుస్తకాన్ని పురాణం చదివినట్టు చదివేవాడట. పొద్దున పూజ అయ్యాక ఇద్దరు కొడుకులనూ ఎదురుగా కూర్చోబెట్టుకొని రోజుకొక మాట. ఆ పుస్తకంలో ఇప్పటి అర్థం ఎక్కడో చివర ఉంటుంది. ముందు ఆ మాట పుట్టినప్పటి అర్థం, దాని కింద ఆ అర్థంలో పాతకాలపు కవులు వాడిన పాదాలు, వచనం రాసినవాళ్ల వాక్యాలు, చీమల బారు లాంటి సన్నటి అచ్చులో.

తాత పోయిన ఏడాదికే అన్నదమ్ములు విడిపోయారు. మా వైపు భాగాలంటే కచ్చితంగా భాగాలే. పెద్దమనుషులు మూడు రోజులు పంచలో కూర్చొని, కాడెద్దులను విడదీసి చెరొకటి ఇచ్చారు. నడవ తలుపును కూడా ఊడదీసి చెరొక రెక్క ఇచ్చారు. డిక్షనరీ వంతు వచ్చింది. రాగి గంగాళం మొత్తం అన్ననే తీసుకోమని, రెండు పుస్తకాలూ తనకు వదిలేయమని నాయన బతిమాలుకున్నాడు. అది తండ్రి ఆస్తి, సగం తనదని పెద్దనాయన పట్టుబట్టాడు. పెద్దమనుషుల్లో ఒక్కరికీ ఇంగ్లీషు రాదు. వాళ్లలో ముసలాయన, "రెండుండాయి కదప్పా, తలా ఒకటి. దీంట్లో తగువేముంది," అన్నాడట. చీటీలు వేస్తే ఏ నుంచి ఎల్ దాకా నాయనకు వచ్చింది. ఎమ్ నుంచి చివరిదాకా పెద్దనాయన బండెక్కింది.

నాయన జమ్మలమడుగు చేరి, తాలూకా కచేరీ ముందర కూర్చొని ఇంగ్లీషులో అర్జీలు రాసి మమ్మల్ని పోషించాడు. మగపిల్లల బడికి ఆడపిల్లను పంపడం అమ్మకు ఇష్టం లేదు. అందుకని నా చదువంతా ఇంట్లోనే, ఆ ఒక్క సంపుటంలోనే. దానికి నేను మా పూజగదిలోని స్వామికి ఎంత రుణపడ్డానో చెప్పలేను. బడికి పోయిన పిల్లలకు గర్ల్ అంటే ఆడపిల్ల అని మాత్రమే తెలుసు. ఒకప్పుడు మగబిడ్డను కూడా గర్ల్ అనేవారని, నాలుగు కాళ్ల జంతువు ఏదైనా డీర్ అయ్యేదని, కన్నింగ్ అంటే పనితనం తెలిసినవాడనీ నాకు పదేళ్లకే తెలుసు. ఆఫుల్ అన్న మాటను పాత భక్తులు దేవుడికి వాడారు, ఎదుట నిలబడితే ఒళ్లు జలదరించేవాడని. ఫాండ్ అంటే మొదట్లో వెర్రివాడు. "ప్రేమ ఉన్నోడు యాడైనా వెర్రోడే కదమ్మా, అందుకే అర్థం అట్ల జరిగింది," అనేవాడు నాయన. ఎల్‌లో లెట్ అని ఒక మాట ఉంది. ఇప్పుడు దాని అర్థం వదిలిపెట్టడం. పాత నాటకాల్లో ఆ మాటకే అడ్డుకోవడం అని అర్థం. ఆ ఎల్‌తోనే మా పుస్తకం అయిపోయేది.

సాయంత్రం పూట కచేరీ గుమాస్తాలు, బడి అయ్యవార్లు మా అరుగు మీదికి వచ్చేవారు. ఏదో ఒక మాట అడిగి, పాత అర్థం చెప్పించుకొని, ఆశ్చర్యపోయి పోయేవారు. ఎల్ తర్వాతి మాట ఎవరైనా అడిగితే కచేరీ హెడ్ గుమాస్తా, "ఆ మాట అడగొద్దప్పా, దానికి పులివెందులకు టిక్కెట్టు తీసుకోవాల," అనేవాడు. అందరితోపాటు నాయన కూడా నవ్వేవాడు.

కళ్లు పోయాక నవ్వడం మానేశాడు. చూపు నరం ఎండిపోయిందని, ఇక చేసేదేమీ లేదని డాక్టరు చెప్పాడు. అర్జీలు రాయడం ఆగిపోయింది. ఉన్న కాస్త చేను, అమ్మ రెక్కల కష్టం, స్వామి దయ, వీటితో అన్నానికి లోటు రాలేదు. కానీ నాయనకు మిగిలింది ఆ అరుగు ఒక్కటే. గుడ్డివాడని జాలిపడి రావడం వేరు, మాట కోసం రావడం వేరు. మాట కోసం వచ్చినంత కాలమే తాను మనిషినని ఆయన నమ్మకం. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో, నాకు పదిహేడేళ్లప్పుడు, ఒకరోజు నన్ను దగ్గరికి పిలిచి, "అమ్మా, ఆ రెండో సగం చిన్నప్పుడు ఇన్యా. మళ్లా ఒకసారి నా చెవిన పడితే సాలు, ఎప్పటికీ మరిచిపోను. మనిషికి ఒక్కటన్నా పూర్తిగా ఉండాల," అన్నాడు.

అలా ముద్దనూరు మీదుగా బస్సులో పులివెందులకు పోయాను.

పెద్దనాయన నన్ను కాదనలేదు. పుస్తకం మాత్రం గడప దాటకూడదన్నాడు. దాటితే పాళ్లు తప్పినట్టట. ఇక్కడే కూర్చొని ఎంత కావాలంటే అంత రాసుకోమన్నాడు. ఉన్నన్నాళ్లూ ఇంటి పని చేయాలని పెద్దమ్మ షరతు పెట్టింది. కసువులు ఊడ్వడం, పేడ ఎత్తడం, నీళ్లు తోడడం, రోటి పని. మధ్యాహ్నం అన్నాలయ్యాక, పశువులు ఇంటికి వచ్చేదాకా ఉన్న సమయం నాది. ఆ ఇంట్లో ఒక్క పూట కూడా నాకు అన్నం తక్కువ కాలేదు. ఆ మాట చెప్పకపోతే పాపం.

పుస్తకం ధాన్యం గది మూలలో, చాటల దొంతి పక్కన ఉంది. చేతిలోకి తీసుకుంటే తేలికగా తగిలింది. తెరిచి చూశాను. వెనుక ఎక్స్, వై, జడ్ లేవు.

ఎండాకాలం వచ్చిందంటే మా పల్లెల్లో ఆడవాళ్లు చాటలకు, గంపలకు కాగితం మెత్తుకుంటారు. పాత కాగితాలు రాత్రి నానేసి, మెంతులు కలిపి, రోట్లో దంచి ఆ గుజ్జును వెదురు సందుల్లో పూస్తే, నూకలు కూడా జారిపోవు. పెద్దమ్మ చేతి చాటలకు ఆ వీధిలో పేరుంది. అడిగినవాళ్లందరికీ ఏడాది పొడవునా మెత్తి ఇచ్చేది. మామూలు కాగితం పిండి పిండి అవుతుందని, ఈ పుస్తకం కాగితం మాత్రం వెన్నలా వస్తుందని ఆమె కనిపెట్టింది.

నేను వచ్చాక ఆపుతుందనుకున్నాను. వచ్చిన వారానికే పుస్తకం వెనుక నుంచి ఒక పిడికెడు కాగితాలు చించి తొట్టిలో వేసింది. తెల్లవారి రోటి దగ్గరికి నన్ను పిలిచి రోకలి చేతికిచ్చింది.

"నీ ఇంగ్లీషు బాగా నానింది పాపా. దంచు."

కాళ్ల మీద పడ్డాను. నేను రాసుకునేదాకా ఆగమని, ఆ తర్వాత మొత్తం నేనే దంచి ఇస్తానని ఏడ్చాను. ఆమెకు కోపం రాలేదు. నవ్వుతూ చెప్పింది. "ముందర నుంచి నువ్వు రాసుకో. ఎనక నుంచి నాకు. పాలు సమంగా పోతాండాయి కదా, మీ నాయన, పెద్దనాయన పంచుకున్యట్లు."

పెద్దనాయనతో చెప్పుకున్నాను. ఆయన తొట్టిలో నానుతున్న కాగితం ఒకటి బయటికి తీసి ఎండ వైపు పట్టుకున్నాడు. పెదవులు కదిలాయి. చిన్నప్పుడు తాత ఎదుట కూర్చొని విన్న మాట ఏదో దానిలో ఉండి ఉంటుంది. చాలాసేపు చదివాడు. తర్వాత దాన్ని జాగ్రత్తగా మడిచి మళ్లీ నీళ్లలోనే వేశాడు. అది ఆడవాళ్ల వ్యవహారమని, తనకు సంబంధం లేదనీ చెప్పి చేనికి వెళ్లిపోయాడు.

ఇక పరుగు మొదలైంది. నేను ముందు నుంచి వెనక్కి, ఆమె వెనుక నుంచి ముందుకు. అర్థం మారిన మాటలు మాత్రమే రాసుకొమ్మని నాయన చెప్పాడు కాబట్టి వాటినే ఏరుకొని, పాత అర్థం, కింద ఒక పాదం రాసేదాన్ని. మీట్ అంటే మాంసం కాదట, ఆకలి తీర్చేది ఏదైనా మీటే. పాలు, పండ్లు, రొట్టె అన్నిటినీ ఆ పేరుతో పిలిచిన వాక్యాలు కనిపించాయి. నైస్ అంటే ఏమీ తెలియనివాడు. క్విక్ అంటే ప్రాణం ఉన్నది. సాడ్ అంటే కడుపు నిండి బరువెక్కినవాడు. తృప్తి ముదిరి బరువై, ఆ బరువు దిగులుగా ఎట్లా మారిందో మెట్టు మెట్టుకూ ఒక కవి సాక్షిగా నిలబడి ఉన్నాడు. సిల్లీ అన్న మాట దగ్గర రెండు రోజులు ఆగిపోయాను. మొదట్లో దేవుడి దయ పొందినవాడిని సిల్లీ అన్నారు. తర్వాత పాపం ఎరుగనివాడిని, ఆ తర్వాత దిక్కులేని గొర్రెను, చివరికి తెలివిలేనివాడిని. ఆ రెండు రోజులు ఆగకుండా ఉంటే ఇంకో నలభై మాటలు దక్కేవి.

సాయంత్రం పని చేస్తుంటే పెద్దమ్మ అడిగేది, ఆ పూట ఏం మాట రాసుకున్నానని. చెప్పకపోతే ఊరుకోదు. ఒకరోజు నాటీ అని చెప్పాను. ఇప్పుడు అల్లరి పిల్లలను అంటారు గానీ పాత రోజుల్లో చేతిలో ఏమీ లేనివాడిని నాటీ అనేవారని చెప్పాను.

"అయితే మీ నాయన పేరు కూడా రాసిండారు ఆ పుస్తకంలో," అంది. పక్కనున్న వీధి ఆడవాళ్లు నవ్వారు. ఆ మరునాటి నుంచి వాళ్లందరూ, "నాటీ ఎట్లుండాడు పాపా, ఉత్తరం రాయించినాడా," అని అడిగేవారు. ఆడవాళ్లు ఇంగ్లీషు మాటను అంత సరైన పాత అర్థంలో వాడడం నేను మళ్లీ ఎక్కడా వినలేదు.

దంచడం అలవాటైపోయింది. తడిసినా అచ్చు చెరిగేది కాదు. రోట్లో మొదటి దెబ్బలకు కాగితం చీలుతుంటే సగం సగం మాటలు పైకి తేలేవి. చదవబోయేలోగా రోకలి పడేది. ఆపితే పెద్దమ్మ గమనించేది. ఒక్క పొద్దున డబ్ల్యూ మొత్తం దంచాను. నాయనకేమో కార్డులో అంతా బాగా జరుగుతోందని, అక్షరం పోకుండా రాస్తున్నాననీ రాశాను. నిజం రాస్తే, కళ్లు లేని మనిషి బస్సెక్కి అన్న ఇంటిమీదికి వస్తాడని నా భయం.

తొమ్మిది నెలలకు నేనూ పెద్దమ్మా టీ అక్షరం దగ్గర ఎదురుపడ్డాము. నేను సగం రాసిన పేజీ తర్వాతి పేజీ లేదు. నేను రాసుకున్న పేజీలు కూడా తొట్టిలోకే పోయి అట్టలు రెండూ మిగిలితే, వాటిని ఉప్పు కుండకు మూతలుగా పెట్టుకుంది. బయలుదేరేటప్పుడు బొట్టు పెట్టి, కొత్తగా మెత్తిన చాట ఒకటి ఒడిలో పెట్టింది. "మీ అమ్మకియ్యి. మీ ఇంటి సొత్తే," అంది. ఆమె మీద ఈనాటికీ నాకు కోపం లేదు. ఆమె అంత వేగంగా చించకపోతే నేను అంత వేగంగా రాసేదాన్ని కాదు. చేతిరాత కుదురుకున్నది ఆ ఇంట్లోనే.

అమ్మ ఆ చాటను చూసి మురిసిపోయింది. ఎంత నున్నగా ఉందో అని పదిమందికి చూపించింది.

ఆరు నోటుపుస్తకాలు. పొద్దున పూజ కాగానే వరసగా కొన్ని మాటలు చదివేదాన్ని. నాయన కళ్లు మూసుకొని, కళ్లు లేకపోయినా మూసుకొనే వినేవాడు, ఒకసారి వింటే చాలు. సాయంత్రానికి అరుగు మీద ఆ మాటలు పలికేవి. టిక్కెట్టు ఎగతాళి ఆగిపోయింది. దూరం నుంచి కూడా మనుషులు రాసాగారు. ఆయన వెన్ను నిటారుగా పెట్టి కూర్చోవడం మళ్లీ చూశాను. అప్పటికి తెలంగాణ కలిసి పెద్ద రాష్ట్రం అయింది, కోస్తా వాళ్లు కొందరు ఉద్యోగాల మీద మా ఊరికి వచ్చారు. వాళ్లు కూడా వచ్చి కూర్చునేవారు.

ఆరో పుస్తకం అయిపోయింది. "తర్వాత?" అన్నాడు నాయన.

పెద్దమ్మ చించింది అని చెప్పవచ్చు. దంచింది నేను. తన తండ్రి పుస్తకాన్ని తన కూతురు రోట్లో వేసి దంచిందని ఏ నోటితో చెప్పాలి. ఆ పొద్దున దీపం ముందు కూర్చొని, నాయన సంతోషం కోసమే స్వామీ అని చెప్పుకొని, వరస కూడా చూడకుండా కొత్త నోటుపుస్తకంలో మొదటి అబద్ధపు మాట రాశాను. వీవ్ అంటే ఇప్పుడు నేయడం, మొదట్లో పోయినవాళ్లను తలుచుకోవడం అని. కింద ఒక పాత కవి పాదమని చెప్పి నా సొంత ఇంగ్లీషులో ఒక వాక్యం. నాయన, "ఆహా," అన్నాడు. మరునాడు ఇంకొకటి. నిజం చెప్పాలంటే ఆ పని నాకు నచ్చింది. అన్నిట్లోకీ ఆయనకు బాగా పట్టింది వాల్ అన్న మాట. గోడ అని చెప్పుకునే ఆ మాటకు మొదటి అర్థం ఆడమనిషి వీపు అని రాశాను. తుఫానులో ఒక తల్లి గాలికి తన వాల్ అడ్డుపెట్టి బిడ్డను కాచుకుందని పాదం కట్టాను. అది విని నాయన కన్నీళ్లు పెట్టుకున్నాడు. వాళ్ల అమ్మ వీపు గుర్తొచ్చిందన్నాడు.

ఆ సాయంత్రమే అరుగు మీద చెప్పాడు. కోస్తా నుంచి కొత్తగా వచ్చిన హెడ్మాస్టరు ఒకాయన అక్కడున్నాడు. తాను ఎక్కడా చదవలేదని, చూసి చెబుతాననీ మర్యాదగానే అన్నాడు. మరునాడు సాయంత్రం గుడ్డలో చుట్టిన పుస్తకం పట్టుకొచ్చాడు. తలుపు వెనుక నుంచి చూశాను. అవే తోలు అట్టలు, అదే సన్నటి అచ్చు. తాత పుస్తకం లాంటిదే, రెండో సంపుటం, జడ్ దాకా. ఆయన సామానుతోపాటు అది నెలరోజుల కిందటే మా ఊరికి వచ్చి, మా వీధికి నాలుగు వీధుల అవతల బీరువాలో ఉందట.

ఆయన వాల్ దగ్గర తెరిచి పైనుంచి కిందికి చదివాడు. కోట చుట్టూ కట్టిన మట్టి కట్ట, రాతి కట్ట, గోడ. కవుల పాదాలన్నీ చదివాడు. తర్వాత పుస్తకం మూసి, "తల్లి వీపు ఎక్కడుందండీ," అన్నాడు.

హెడ్ గుమాస్తా ఊరుకోలేదు. "ఎల్ దాటితే అయ్యకు దారి తెలీదు సార్, ఏమనుకోగాకండి," అన్నాడు. అందరూ నవ్వారు.

వాళ్ల నవ్వు ఆగేదాకా నాయన ఆగాడు. ఆయన ముఖంలో అనుమానం ఏమీ లేదు. "మా పాప పుస్తకంలో చూసి రాసుకొచ్చింది సార్. తొమ్మిది నెలలుండి రాసింది. పాపా, ఆ నోటుబుక్కు తెచ్చి సారుకు చూపీ," అన్నాడు.

అందరూ తలుపు వైపు తిరిగారు. హెడ్మాస్టరు గొంతు తగ్గించి అడిగాడు. "ఏమ్మా, మీరు రాసుకున్నదాంట్లో ఉందా?"

నోటుపుస్తకం నా చేతిలోనే ఉంది. ఇంత జరిగినా నేను చెప్పవలసింది నాలుగు మాటలే. అవి నోటిదాకా వచ్చాయి. బయటికి వచ్చింది వేరే.

"లేదు సార్. నాయనకు ఈ మధ్య మతి నిలవడంలేదు. ఒకదానికొకటి కలుపుకుంటాండాడు."

నాయన జ్ఞాపకం ఎట్లాంటిదో నాకు తెలుసు, ఆయనకు తెలుసు. తల కొంచెం వంచాడు. చెవిన పడిన మాటను మళ్లీ ఒకసారి లోపల వింటున్నట్టున్నాడు.

"అవును సార్. పాప చెప్పింది నిజమే. పెద్దతనం," అన్నాడు.

హెడ్మాస్టరుకు జాలి కలిగింది. కావాలంటే ఆ సంపుటం నాలుగు రోజులు ఉంచుకొమ్మన్నాడు. వద్దన్నాడు నాయన.

మరునాడు పూజ అయ్యాక పుస్తకం తెరిచాను. చాలమ్మా అన్నాడు. ఎందుకు రాశావని, ఎందుకట్లా చెప్పావని, మిగతా పేజీలు ఏమయ్యాయని, ఆ తర్వాత బతికిన రెండేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు. అడిగించనందుకు స్వామికి రోజూ దండం పెట్టుకుంటాను.

అరుగు మీద మాత్రం అన్నీ మారిపోయాయి. నేను పాడు చేసింది టీ తర్వాతి మాటలనే అనుకున్నాను. కానీ ఆయన గర్ల్ అన్నా, డీర్ అన్నా, తాత చెప్పిన నిజమైన మాట ఏది చెప్పినా, గుమాస్తా పక్కవాడికి కన్ను గీటేవాడు. ఏ నుంచి ఎల్ దాకా ఉన్నది కూడా పోయింది. మతి తప్పినాయన ఇల్లు అని మా ఇంటికి గుర్తు చెప్పుకునేవారు. మొదట ఇద్దరు తగ్గారు, తర్వాత నలుగురు. ఆరు నెలలకు ఎవరూ రాలేదు. ఆయన మాత్రం సాయంత్రం కాగానే మొహం కడుక్కొని, కండువా సర్దుకొని అరుగు మీద కూర్చునేవాడు.

ఒకరోజు హెడ్మాస్టరు ఇద్దరు అయ్యవార్లతో మా వీధిలో పోతున్నాడు. ఆయన చెప్పులు కిర్రుమంటాయి. ఆ చప్పుడు వినగానే నాయన లేచి నిలబడి రెండు చేతులూ జోడించాడు. హెడ్మాస్టరు చూశాడు. పక్కవాళ్లకు ఊరకుండమని సైగ చేసి, చెప్పులు విడిచి చేత పట్టుకొని, మెల్లగా మా ఇల్లు దాటిపోయాడు. నాయన జోడించిన చేతులతో అట్లాగే నిలబడ్డాడు. ఎవరైనా చూస్తే ఇంకా నవ్వుతారని నాకు సిగ్గేసింది.

"ఎవరూ లేరు నాయనా. చేతులు దించు," అన్నాను గడపలో నుంచి.

"సారు చెప్పుల చప్పుడు మాదిరి ఉండెనే."

"ఎవరూ రాలేదు నాయనా."

ఆయన చేతులు దించి, తడుముకుంటూ అరుగు అంచు పట్టుకొని కూర్చున్నాడు.

"అట్లనా అమ్మా," అన్నాడు. "మతి నిలవడంలేదు."